ఒంటరి గాయకుడు - వేదిక మర్యాద

కళాశాల వార్షికోత్సవం సమీపించిన ప్రతిసారీ సాంస్కృతిక కార్యక్రమాల పట్టిక తయారవుతుంది. ఆ పట్టికలో ఒక్కరే నిలబడి పాడే పాటలు తగ్గిపోవడమూ, రికార్డు చేసిన పాటకు పదిమంది కలిసి చేసే నృత్యాలు పెరిగిపోవడమూ ఇటీవల పలు విద్యాసంస్థలలో కానవస్తున్న ధోరణి. ఇందుకు నిర్వాహకులు సాధారణంగా చెప్పే కారణం ఒక్కటే. ఒంటరిగా పాడేవారు నడుమ తడబడతారనీ, సభ అల్లరిపాలవుతుందనీ, రికార్డు మాత్రం ఎన్నడూ తడబడదనీ వారి వాదం. ఈ మాటలో కొంత సత్యం లేకపోలేదు. అయినను పంటకు తెగులు సోకిందని పొలాన్నే బీడు పెట్టడం ఏ రైతూ చేయడు.

ఒంటరి గాయకుడు వేదికపై విఫలుడగుటకు కారణం అరుదుగా మాత్రమే అతని కంఠంలో ఉంటుందని మా దృఢాభిప్రాయం. ఆ కారణాలలో అధిక భాగం అతడు వేదిక ఎక్కకముందే ఏర్పడి ఉంటాయి. శ్రద్ధ వహిస్తే వాటిలో ప్రతి ఒక్కటీ నివారింపదగినదే. కనుక ఆ దోషాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, మన విద్యార్థినీ విద్యార్థుల ముందును, కళాశాల కమిటీ వారి ముందును ఉంచడం ఈ వ్యాసోద్దేశం.

బృందగానంలో ఒకరి స్వరం తప్పితే పక్కవారి స్వరం దానిని కప్పుతుంది. ఒకరు చరణం మరచిపోతే మరొకరు అందిస్తారు. ఒంటరి గాయకునికి ఆ ఆసరా లేదు. ఒప్పయినా తప్పయినా అతనిదే. మన తెలుగువారిలో ఈ బాధ్యతను మహోన్నతంగా నిర్వహించినవారు లేకపోలేదు. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, పాట, మాట, ఆట మూడింటినీ ఒక్కరే నిర్వహిస్తూ హరికథను పండిత పామరులకు సమంగా అందించారు. 1919లో విజయనగరంలో నెలకొన్న సంగీత కళాశాలకు వారే ప్రథమాధ్యక్షులు. ఆ కళాశాలలోనే ఆచార్యులై, 1936లో అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893-1964) అంతవరకు గాయకుని పక్కన కూర్చునే వయొలిన్‌ను తానే ఒక కచేరీగా నిలువగల వాద్యంగా చేసి చూపారు. కంటిచూపు మందగించినను వారి కమాను పట్టు సడలలేదు.

ఇంత దూరం పోనక్కరలేదు. మన రామాయంపేట హైదరాబాదు నుండి నిజామాబాదు పోయే రహదారిపై ఉన్నది. అదే రహదారిపై మనకు దక్షిణాన ఉన్న తూప్రాన్ ప్రజాగాయకుడు గద్దర్‌ను కన్న ఊరు. 2023లో మరణించిన ఆ గాయకుడు పాటకు పాటకు నడుమ మాటను నిలిపి వేలమందిని కట్టిపడేసిన తీరు మన పెద్దలలో చాలామందికి స్వయంగా తెలుసు. పాలమూరు ప్రాంతపు కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ, కథ చెబుతూ, పాడుతూ 2022లో పద్మశ్రీ అందుకొన్నారు. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, ఒక కంఠం - ఇంతే ఆయన బృందం. ఒక్కడే నిలబడి వినిపించడం మన నేలకు క్రొత్త కాదు. మన కళాశాలల సభలలో నాత్, గజల్ ఒక వైపు నుండి, పద్యం, జానపద గేయం మరొక వైపు నుండి వచ్చి కలుస్తాయి. ఈ నాలుగూ ఒంటరి గళానికి ఒదిగేవే.

ఇక దోషాలను పరిశీలింతము.

మొదటిది పాట ఎంపికలో జరిగే పొరపాటు. తనకు ఇష్టమైన పాటకూ, తన గొంతుకు ఇమిడే పాటకూ గల తేడాను చాలామంది గుర్తించరు. ఘంటసాల (1922-1974) పాడిన పాట ఆయన గొంతుకు కుదిరిన శ్రుతిలో ఉన్నది. దానినే అదే స్థాయిలో పదునెనిమిదేండ్ల విద్యార్థి ఎత్తుకొంటే పల్లవి సాఫీగా సాగుతుంది, చరణంలో పై స్వరం వచ్చేసరికి గొంతు చీలుతుంది. మన సంగీత సంప్రదాయంలో పురుషులు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులలోను, స్త్రీలు ఐదు మొదలు ఆరు వరకు గల శ్రుతులలోను పాడుతారు. ఈ భేదం తెలియక స్త్రీ గళానికి చేసిన ట్రాకుపై బాలుడు, పురుష గళానికి చేసిన ట్రాకుపై బాలిక పాడబూనడం తరచు జరుగుతున్నది. దీనికి మందు సులభం. పాటలో అన్నిటికన్న పై స్వరం ఎక్కడ వస్తున్నదో ముందుగా గుర్తించి, ఆ ఒక్క పంక్తిని పాడి చూడవలె. అది అలవోకగా వస్తే మిగిలిన పాట వచ్చినట్లే. అది రాకపోతే శ్రుతి దించవలె, లేదా పాట మార్చవలె.

రెండవది శ్రుతి పట్టులోని లోపం. నాత్ పఠనం వాద్యసహకారం లేకుండా జరగడం పరిపాటి. సభాప్రారంభంలో వినిపించే ప్రార్థనాగీతం సైతం తరచు అట్లే ఉంటుంది. ఆధారంగా ఏ వాద్యమూ లేనప్పుడు, వేదికపై గుండెదడ పెరిగినప్పుడు, గాయకుడు తెలియకుండానే ఇంటిలో సాధన చేసిన దానికంటె హెచ్చు శ్రుతిలో మొదలుపెడతాడు. శ్వాస పొట్టిదవుతుంది, లయ పరుగెత్తుతుంది. రెండవ చరణానికే ఊపిరి చాలదు. పిలుపు రావడానికి రెండు నిమిషాల ముందు తెరవెనుక హార్మోనియంపైనో, నేడు ఫోనులలో సైతం లభిస్తున్న తంబూరా నాదంపైనో తన షడ్జమాన్ని విని, లోలోపల దానిని నిలుపుకొని వేదిక ఎక్కితే ఈ ప్రమాదం చాలవరకు తప్పుతుంది. మైకు ముందు నిలిచిన తర్వాత ఒక నిండు శ్వాస తీసుకొనుటకు పట్టే కాలాన్ని ఏ సభా తప్పు పట్టదు.

మూడవది ఉచ్చారణ. రెండు భాషల కళాశాలలో ఇది అన్నిటికన్న ముఖ్యమని మా భావన. తెలుగు ఇంటి బిడ్డ గజల్ పాడినా, ఉర్దూ ఇంటి బిడ్డ పద్యం చదివినా సభ ఆనందిస్తుంది. ఆ ఆనందం నిలవాలంటే మాటకు మర్యాద దక్కవలె. ఉర్దూలో గొంతు లోతు నుండి రాపిడితో పలికే 'ఖ' వేరు, మన 'ఖడ్గం'లోని 'ఖ' వేరు. తెలుగు లిపిలో రెండింటినీ ఒకే అక్షరంతో వ్రాస్తాము. దైవవాచకమైన 'ఖుదా'ను ఖడ్గంలోని ఖకారంతో పలికితే ఆ మాటకు 'తవ్వబడినది' అని అర్థం వస్తుంది. 'జలీల్' అన్న మాటను మన 'జయం'లోని జకారంతో పలికితే మహనీయుడని అర్థం. పండ్ల సందున గాలి రాచుకొనే ఉర్దూ జకారంతో పలికితే హీనుడని అర్థం. మన 'జాబు'లోని జకారం దానికి కొంత దగ్గరదే గాని అదే కాదు. అట్లే ఉర్దూ మాతృభాషగా గలవారు తెలుగులో 'ళ', 'ల' భేదాన్ని, 'ణ', 'న' భేదాన్ని, ఎత్వ ఏత్వాల, ఒత్వ ఓత్వాల కొలతను గమనించవలె. 'కళ' అని పాడవలసిన చోట 'కల' అని పాడితే విద్య కాస్తా స్వప్నమైపోతుంది. బృందంలో ఇట్టివి కలిసిపోతాయి. ఒంటరి గళంలో మైకు వాటిని పదింతలు చేసి వినిపిస్తుంది.

సాధనతో ఇది సాధ్యమనుటకు నిదర్శనాలు కావలసినన్ని ఉన్నవి. 2015లో కీర్తిశేషులైన పండిత విఠల్‌రావు హైదరాబాదులో ఉర్దూ గజల్ గానానికే పేరెన్నికగన్నారు. సి. నారాయణరెడ్డిగారు (1931-2017) ఉర్దూ మాధ్యమంలో విద్యాభ్యాసం చేసి, తెలుగులో గజళ్లు వ్రాసి, వాటిని తామే సభలలో గానం చేశారు. ప్రకాశం జిల్లా కరవదిలో ముస్లిం కుటుంబంలో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబ్ (1924-1999) నాదస్వరాన్ని ఉపాసించి, తంజావూరు బాణీని సైతం అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు పొందారు. పుట్టిన ఇంటి భాష గాని, మతం గాని ఆ కళాకారులకు అడ్డు రాలేదు. మన ఇరువైపుల విద్యార్థులకు వేరే ట్యూషను అక్కరలేదు. పక్క బెంచీలోని మిత్రునికి పాటలోని మాటలను ఒకసారి చదివి వినిపించి, తప్పులు దిద్దించుకొంటే చాలును.

నాల్గవది మైకుతో పరిచయం లేకపోవడం. మైకు వచ్చిందా లేదా అని దానిని తట్టడం, నోటితో ఊదడం, తలభాగాన్ని అరచేత మూసి పట్టుకోవడం, పై స్వరంలో పెదవులకు ఆనించి క్రింది స్వరంలో దూరం జరపడం - ఇవన్నీ మనం చూస్తున్నవే. సౌండు బాక్సుకు ఎదురుగా నిలబడితే ఏమవుతుందో ఆలోచింపవలె. బాక్సులోనుండి వచ్చిన ధ్వని మరల మైకులో ప్రవేశించి, మరల పెద్దదై బాక్సులోనుండి వస్తుంది. ఈ చక్రం క్షణంలో పెరిగి చెవులు చిల్లులు పడే కూతగా మారుతుంది. సభ గాయకుని మీద నవ్వుతుంది గాని అది గాయకుని గొంతు దోషం కాదు. బాక్సులు గాయకునికి ముందువైపున, ప్రేక్షకుల దిక్కుగా ఉండవలె. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో నిలకడగా ఉండవలె. గొంతు హెచ్చించే చోట కొంచెం వెనుకకు, మెల్లగా పాడే చోట కొంచెం దగ్గరకు జరపడం అభ్యాసంతో వచ్చే విద్య. వేదికపై తన పాట తనకు వినిపించక అరవడం మరొక పొరపాటు. చెవి వెనుక చేయి ఆనించుకొనే జానపద గాయకుని అలవాటు ఈ ఇబ్బందికి కొంత ఉపశమనం.

ఐదవది యంత్రంపై అతివిశ్వాసం. నేడు ట్రాకు ఫోనులో ఉంటుంది. నడుమ ఎవరో ఫోను చేస్తే పాట ఆగిపోతుంది. సిగ్నలు లేకపోతే పాట మొదలే కాదు. ట్రాకును ముందుగా ఫోనులో భద్రపరచి, కాల్సు రాకుండా చేసి, రెండవ ప్రతిని మైకు సెట్టు వారికి ఇవ్వడం కనీస జాగ్రత్త. కరెంటు పోయినా పాట ఆగకుండా ఉండాలంటే ట్రాకు లేకుండా మొదటి నుండి చివరి వరకు పాడగలిగి ఉండవలె. సాహిత్యాన్ని ఫోను తెరపై చూస్తూ పాడేవాని కన్నులు సభవైపు లేవవు. కన్నులు కలవని చోట మనసులు కలవడం దుర్లభం. వాద్యకారులకు సైతం ఇదే న్యాయం. తీగలను తెరవెనుకనే సరిచేసుకొని, విడి తీగను దగ్గర ఉంచుకొని రావలె. సభ ముందు పది నిమిషాలు శ్రుతి చేసుకొనే వాద్యకారుడు మొదటి స్వరం మీటకముందే శ్రోతల ఓపికను ఖర్చు చేసినవాడవుతాడు.

ఆరవది మాటలలోను, కాలప్రమాణంలోను సంయమనం లేకపోవడం. "గొంతు బాగాలేదు, సాధన చేయలేదు, తప్పులుంటే మన్నించండి" అని మొదలుపెట్టడం వినయమని పలువురి భ్రమ. ఆ మాట విన్న సభ తప్పుల కొరకే చెవులు రిక్కిస్తుంది. పాట పేరు, కవి పేరు, ఒక వాక్యంలో దాని భావం - ఇంతకు మించిన పీఠిక అక్కరలేదు. ఉర్దూ గజల్ తెలుగు శ్రోతలకు, తెలుగు పద్యం ఉర్దూ శ్రోతలకు వినిపించేటప్పుడు ఆ ఒక్క వాక్యం మాత్రం తప్పనిసరి. ఇక నిడివి సంగతి. పాటియాలా ఘరానా దిగ్గజం బడే గులాం అలీఖాన్ సాహెబ్ చేతిలోని స్వరమండల్‌ను మీటుతూ పాడేవారు. శ్రోతల ఓపికను దృష్టిలో ఉంచుకొని ఆలాపనలను సంక్షేపించి పాడేవారని వారికి ప్రసిద్ధి. 1968లో హైదరాబాదులోనే తుదిశ్వాస విడిచిన అంతటి విద్వాంసునికే శ్రోతల సమయంపై అంత గౌరవం ఉండగా, ఐదు నిమిషాలు ఇచ్చిన సభలో మనం పన్నెండు నిమిషాలు పాడడం న్యాయమా? ఒకటి పాడమన్న చోట అడగకుండానే రెండవది ఎత్తుకోవడం ఎంతమాత్రం తగదు. ఇంకొకటి పాడితే బాగుండునని సభ అనుకొనే వేళ దిగివచ్చినవాడే మరుసటి ఏడు పిలుపు అందుకొంటాడు.

ఏడవది తప్పు జరిగిన తర్వాత చేసే తప్పు. ఎంత జాగ్రత్త వహించినా ఎప్పుడో ఒకప్పుడు పంక్తి మరపునకు రావచ్చు, స్వరం జారవచ్చు. అప్పుడు పాట ఆపి నాలుక కరచుకోవడం, నవ్వడం, మైకు వదలి పరుగెత్తడం వలన చిన్న లోపం పెద్దదవుతుంది. సభలో ఎక్కువమంది ఆ పాటను అక్షరం అక్షరం ఎరిగినవారు కారు. తెలిసిన పల్లవికి నిదానంగా తిరిగి వచ్చి, అక్కడినుండి వచ్చిన చరణాన్ని అందుకొంటే చాలును. హరికథకులు ఇట్టి సందర్భాలలో ఒక పిట్టకథ చెప్పి కథను మరల దారిలో పెడతారు. మనకు అంత నేర్పు లేకున్నను పల్లవి ఎల్లప్పుడూ మనకు తెరచి ఉన్న వాకిలి. అందుచేత సాధనలో పాటను మొదటి నుండి మాత్రమే గాక, ప్రతి చరణం మొదటి నుండి ఎత్తుకొనే అలవాటు చేసికొనవలె.

ఇన్ని నియమాలు పెడితే సహజమైన ఉత్సాహం చచ్చిపోదా అని కొందరు ప్రశ్నింపవచ్చు. మేము అట్లు తలచడం లేదు. శ్రుతి, మాట, మైకు, ట్రాకు - వీటి చింత ముందే తీరినవానికే వేదికపై భావానికి మనసు ఇచ్చే తీరిక దొరుకుతుంది. చింత తీరనివాని ఉత్సాహం మొదటి చరణంతోనే ఆవిరి అవుతుంది.

ఈ సందర్భంలో కమిటీ వారికి సవినయంగా కొన్ని విన్నపాలు. గాయకుని దోషాలలో సగం సభానిర్వహణ దోషాలే. కార్యక్రమానికి ముందు పాడేవారందరికీ మైకుపై కనీసం రెండేసి నిమిషాలు పాడి చూసుకొనే అవకాశం కల్పించవలె. ముఖ్య అతిథి రాక ఆలస్యమైనప్పుడు కాలక్షేపానికి ఒక విద్యార్థిని హఠాత్తుగా పిలిచి పాడమనడం, అతిథి రాగానే చరణం నడుమ ఆపించడం మాన్పించవలె. పాట జరిగేటప్పుడు వేదికపై శాలువాలు, పూలదండల సన్నాహాలు వద్దు. ఒంటరి పాటలను ఉపన్యాసాలన్నీ ముగిసి, జనం లేచిపోయే వేళకు నెట్టక, శ్రోతల చెవులు తాజాగా ఉన్న మొదటి గంటలో ఉంచవలె. చదువు ప్రారంభమైన నాటినుండి నెలకొక సాయంకాలం తరగతి గదిలోనే, ముప్పది మంది ముందు, మైకు లేకుండా పాడే చిన్న సభ ఏర్పాటు చేస్తే వార్షికోత్సవ వేదిక ఎవరికీ మొదటి వేదిక కాబోదు. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

శ్రోతలైన మిత్రులకు కూడ ఒక మాట. ఈలలు, కేకలు వేసే మనకు అది ఒక్క నిమిషపు వినోదం. వేదికపై నిలిచిన వానికి అది జన్మాంతం మిగిలే మచ్చ. తెలియక వేసిన కేకకు బెదరి పాటనే మానుకొన్నవారు ఏ ఊరిలోనైనా ఉంటారు. వారిలో ఆడపిల్లలు అధికం. ఇంటిలో నలుగురిని ఒప్పించి వేదిక వరకు వచ్చిన బాలికకు ఆ ఒక్క కేక ఇంటి తలుపును మరల మూసివేస్తుంది. తడబడిన గాయకునికి చేయవలసిన మొదటి సాయం నిశ్శబ్దం. రెండవ సాయం పాట ముగిసిన తర్వాత చప్పట్లు.

రికార్డు తడబడదన్న మాట నిజమే. అది నేర్చుకోదు కూడ. మన విద్యార్థి తడబడతాడు, దిద్దుకొంటాడు, మరుసటి ఏడు బాగా పాడతాడు. కళాశాల ఉన్నది అందుకే గదా! పరీక్షలో ఒకసారి తప్పినవానిని మరల కూర్చోనిస్తున్నాము. పాటలో తప్పినవానికి ఆ పాటి అవకాశం ఇవ్వకపోవడం ఏమి న్యాయం? రాబోయే వార్షికోత్సవపు పట్టికలో ఉర్దూకు రెండు, తెలుగుకు రెండు చొప్పున కనీసం నాలుగు ఒంటరి పాటలకు స్థానం కేటాయించవలసినదిగా కమిటీ వారిని కోరుతున్నాము. ఆ నాలుగు స్థానాలకు తగిన సాధన చేసి సిద్ధంగా ఉండవలసినదిగా విద్యార్థినీ విద్యార్థులను కోరుతున్నాము.